పిట్టల హాజరు



బళ్ళారి కంటోన్మెంట్‌లో పొద్దున ఆరింటికి వీధి తలుపు తీస్తే ముందుగా చెవిన పడేది రైలు కూత కాదు, కాకుల గోల. దాని వెనకాలే వేపచెట్టు మీద చిలకలు, కరెంటు తీగ మీద గోరింకలు. దొరల సైన్యం ఉన్ననాటి పెద్ద కాంపౌండ్లు ఇక్కడ ఇంకా కొన్ని మిగిలాయి. వాటిలో పాత చెట్లు మిగిలాయి. చెట్లున్నందుకు పిట్టలూ మిగిలాయి. అయితే వాటిని చూసేవాళ్ళు తగ్గిపోయారు. ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెబుతున్నాను. ఏనుగుకు తొండం ఉంటుందని, పెంగ్విన్ మంచులో ఉంటుందని చెప్పే పిల్లలు నాకు ప్రతి ఏడాదీ దొరుకుతారు. తమ బడి గోడ మీద వాలిన పిట్ట పేరు చెప్పమంటే మాత్రం "పిట్ట" అంటారు, లేదా "హక్కి" అంటారు. అంతటితో సరి.

అందుకే మా తరగతిలో ఒక ఆట మొదలుపెట్టాను. దాని పేరు పిట్టల హాజరు. ఈ రోజు దాని సంగతులే మీతో పంచుకుంటాను. ఆట బాగా సాగిన చోటూ చెబుతాను, నా వల్ల చెడిన చోటూ చెబుతాను.

ఆటకు కావలసిన సామగ్రి ఒక పాత హాజరుపట్టీ, ఒక పెన్సిలు. పట్టీలో పిల్లల పేర్లు ఉండే చోట పిట్టల పేర్లు రాస్తాం. ఒక్కో పిట్టను ఇద్దరు పిల్లలకు అప్పగిస్తాను. ఒకరు ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, ఒకరు కన్నడం మాట్లాడేవారు. పొద్దున ప్రార్థన అయ్యాక, మొదటి పీరియడు మొదలయ్యేలోగా ఎనిమిది నిమిషాలు. నేను "గోరింక" అని పిలుస్తాను. గోరింక జోడీ లేచి ఈ పొద్దున దాన్ని చూశారో లేదో చెప్పాలి. చూస్తే పట్టీలో "చూ" అని రాస్తాను. కూత మాత్రమే వింటే "వి". చూడలేదు, వినలేదు అంటే "లే". చూశామన్నవాళ్ళు ఎక్కడ, ఏం చేస్తుండగా, ఎవరితో ఉండగా చూశారో మూడు ముక్కల్లో చెప్పాలి. మిగతా పిల్లలకు అనుమానం వస్తే లేచి అడగవచ్చు. నెల కాగానే పిట్టలు మారతాయి. కాకి దగ్గరున్న వాళ్ళకు లకుముకి వస్తుంది, లకుముకి వాళ్ళకు పావురం వస్తుంది.

ఇంత చిన్న ఆటలో ఏముందని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. రెండో వారంలో ఒక అమ్మాయి లేచింది. అప్పటిదాకా ఆమె తరగతిలో నోరు విప్పగా నేను వినలేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండింటి మధ్య తప్పు మాట దొర్లుతుందేమోనన్న భయంతో ఊరికే కూర్చునేది. ఆమె పిట్ట పసులపోలిగాడు. నల్లగా నిగనిగలాడుతూ, చీలిన తోకతో, ఎనుముల వీపు మీద ఎక్కి తిరుగుతుందే, అదే. కన్నడంలో కాజాణ అంటారు. ఆ అమ్మాయి అంది కదా: "మేడం, నేను జూస్తిని. కాల్వ గట్టు మీద ఎనుము మీద కూర్చోనుండె. గద్ద వస్తే ఎగిరి పోయి దాని వీపు మీద పొడిచె. ఇంత పిట్ట, అంత గద్దను తరిమె!" చేతులతో చేసి చూపించింది కూడా. తరగతి అంతా నవ్వింది, కాని వెక్కిరించి కాదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పసులపోలిగాడు తన గూటి దగ్గరికి వచ్చిన కాకినీ గద్దనూ తరిమికొడుతుంది. ఆ ధైర్యం తెలిసి వేరే చిన్న పిట్టలు అదే చెట్టు మీద గూళ్ళు కట్టుకోవడం కద్దు.

రెండు భాషల సంగతి వచ్చింది కనుక కొంచెం ఆగి చెబుతాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. గీత కాగితం మీద పడింది. ఇళ్ళలో మాటలు మాత్రం కలిసే ఉన్నాయి. పిట్టల పేర్లు చూడండి. మనం గోరింక, గోరువంక అంటాం, కన్నడిగులు గొరవంక అంటారు. మన గిజిగాడు వాళ్ళకు గీజగ. మన కోకిల వాళ్ళకు కోగిలె. కౌజుపిట్ట గౌజుగ. పిగిలిపిట్ట పికళార. ఇవి విన్నప్పుడు పిల్లల ముఖాలు వెలుగుతాయి. చుట్టాలు దొరికినట్టు ఉంటుంది.

కొన్ని చోట్ల మాట మోసం చేస్తుంది. పాలపిట్టను మాటకు మాట కన్నడంలోకి మారిస్తే హాలక్కి అవుతుంది. హాలు అంటే పాలు, హక్కి అంటే పిట్ట. కాని కన్నడంలో హాలక్కి అనేది చిన్న గుడ్లగూబ! మన పాలపిట్టను వాళ్ళు నీలకంఠ అంటారు. ఒక జోడీ దీని మీద నాలుగు రోజులు వాదించుకున్నారు. తెలుగు పిల్లవాడు పగలు తీగ మీద చూశానంటాడు, కన్నడ పిల్లవాడు రాత్రి చింతచెట్టు తొర్రలో చూశానంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. హద్దు అనే మాట కూడా అంతే. సరిహద్దు అనే అర్థం రెండు భాషలకూ ఉంది. కన్నడంలో అదనంగా గద్దను కూడా హద్దు అంటారు. మా సరిహద్దు జిల్లాలో ఆ హద్దు మాత్రం ఇటూ అటూ ఎగురుతూనే ఉంటుందని ఒక కొంటె పిల్లవాడు అన్నాడు. వాడికి ఆ రోజు రెండు "చూ"లు రాశాను.

పాలపిట్ట మాట పూర్తి చేస్తాను. కర్ణాటకకు అది రాష్ట్ర పక్షి, తెలంగాణకూ అదే. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలకను తన రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మన పెద్దల నమ్మకం. చూడటానికి పొలం గట్టుకు పోయే రోజుల్లో అది చక్కటి ఆచారం. కాని పట్నాల్లో దాన్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, డబ్బు తీసుకుని చూపించే వ్యాపారం తయారైంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. దాని ప్రకారం అలా పట్టడం నేరం. రామచిలకను ఇంట్లో పంజరంలో ఉంచుకోవడమూ నేరమే, చాలామందికి తెలియదు. మా ఆటలో ఒక పిల్ల రోజూ "చిలక చూశాను" అని తప్పకుండా చెప్పేది. ఎక్కడ అంటే "వరండాలో" అనేది. ఏం చేస్తోంది అంటే "జామకాయ తింటోంది". మూడో రోజు పక్క పిల్ల లేచి, "మేడం, వీళ్ళది పంజరంలో ఉండాది" అంది. పంజరంలో ఉన్నది హాజరు కిందికి రాదని పిల్లలే తీర్మానించారు. ఆ ఇంటికి నేను వెళ్ళి ఏమీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందేమో, ధైర్యం చాలలేదు. ఆ పిల్ల మాత్రం మరుసటి వారం నుంచి మేడ మీదికెక్కి ఆకాశంలో చిలకల గుంపును వెతకడం మొదలుపెట్టింది.

ఇక గిజిగాడి జోడీ సంగతి. వానలు పడ్డాక జూలై, ఆగస్టుల్లో ఊరి బయట బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకు గూళ్ళు వేలాడతాయి. గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లి, గంటలాగా వేలాడుతున్నప్పుడు ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి చూస్తుంది. నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే ఉండిపోతుంది. మా పిల్లలు ఒక బావి మీద లెక్కపెట్టి, పూర్తయిన గూళ్ళకన్నా సగంలో ఆగిపోయినవే ఎక్కువని చెప్పారు. కోకిల జోడీ ఇంకో చిక్కు తెచ్చింది. నల్లగా ఉన్నదొకటి, గోధుమరంగు మీద తెల్ల చుక్కలున్నదొకటి, రెండు వేర్వేరు పిట్టలని పట్టీలో రెండు గళ్ళు అడిగారు. నల్లది మగ, చుక్కలది ఆడ అని చెప్పాను. కుహూ అని పాడేది మగది. మనం మాత్రం కోయిలమ్మ అని పిలుస్తూ వచ్చాం. పాటంతా నాన్నదైతే అమ్మకు పేరు ఎందుకొచ్చింది మేడం అని అడిగారు. జవాబు నా దగ్గర లేదు. తర్వాత ఆడకోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టి వచ్చే సంగతి చెప్పేసరికి కాకి జోడీకి కోపం వచ్చింది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

ఆట మొదలుపెట్టిన ఏడాది నేను మార్కులు పెట్టాను. మామూలు పిట్టకు ఒకటి, అరుదైన దానికి మూడు, గూడు కనిపెడితే ఐదు. పిల్లలకు పోటీ ఉంటే చురుకుగా ఉంటారని బి.ఎడ్‌లో చదువుకున్న పాఠం. చురుకుగానే ఉన్నారు. జూలైలో ఒక రోజు, మధ్యాహ్నం భోజనం వేళకు కొంచెం ముందు, ఒక పిల్లవాడు టిఫిను డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే అందులో పిగిలిపిట్ట గూడు. గూట్లో మూడు పిల్లలు. ఈకలు కూడా రాలేదు, కళ్ళు తెరవలేదు. పొద్దున బడికి వస్తూ బళ్ళారి జాలి పొదలో తీశాడట. మనం సర్కారు తుమ్మ అనే చెట్టునే కన్నడంలో మన ఊరి పేరు పెట్టి బళ్ళారి జాలి అంటారు, మీకు తెలుసు. పొద్దునంతా వాటిని సంచిలో పెట్టుకుని కూర్చున్నాడు, నన్ను ఆశ్చర్యపరచాలని. "ఐదు మార్కులు మేడం" అన్నాడు. వాడి ముఖంలో ఎంత సంతోషమో.

వాణ్ణి ఏమని తిట్టను? ఐదు మార్కులు పెట్టింది నేను. వాణ్ణి వెంటబెట్టుకుని ఆ పొద దగ్గరికి పోయి, గూడు అదే కొమ్మ పంగలో పెట్టి, పురికొసతో కట్టి, దూరంగా నిలబడ్డాం. మనిషి చేయి తగిలితే తల్లిపిట్ట దగ్గరికి రాదని చాలామంది అంటారు. అది నిజం కాదు. తల్లి వచ్చింది, నోట్లో పురుగుతో వచ్చింది. కాని రెండు పిల్లలు అప్పటికే కదలడం లేదు. పొద్దుటి నుంచి తిండి లేదు, డబ్బాలో ఉక్క. ఈకలు రాని పిల్లలకు పగలంతా మాటిమాటికీ తిండి పడాలి. మూడోది మర్నాటికి ఉందో లేదో చూడటానికి నేను వెళ్ళలేదు. ఆ పిల్లవాడు వెళ్ళాడు. వచ్చి ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ రోజే మార్కులు తీసేశాను. కొత్త నియమాలు పిల్లలూ నేనూ కలిసి రాసుకున్నాం. గూడు కనబడితే చేతులు వెనక్కి కట్టుకోవాలి, పది అడుగుల అవతలే నిలబడాలి, అది ఎక్కడుందో తరగతిలో చెప్పకూడదు. "గూడు ఉంది" అంటే చాలు, నమ్ముతాం. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇంకోటి. "లే" అని నిజం చెప్పినవాడికీ "చూ" అన్నవాడికీ విలువ ఒక్కటే. మార్కులు పోగానే ఆట చప్పబడుతుందనుకున్నాను. అలా జరగలేదు. అబద్ధాలు తగ్గాయి. అంతకుముందు మా బడి ఆవరణలో నెమళ్ళు కూడా కనిపించేవి మరి!

డబ్బా తెచ్చిన పిల్లవాడు అంతకు ముందు జేబులో ఉండేలుతో తిరిగేవాడు. ఉండేలు పిల్లలను మనం చెడ్డవాళ్ళంటాం గాని, పిట్ట ఎక్కడ వాలుతుందో, ఎప్పుడు ఎగురుతుందో తరగతిలో అందరికన్నా వాళ్ళకే బాగా తెలుసు. పక్షుల శాస్త్రజ్ఞుడు సాలిం అలీ కథ వాడికి చెప్పాను. ఆయన పుట్టింది 1896లో, బొంబాయిలో. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. మామూలు పిచ్చుకకు అలా ఉండదే అని అనుమానం వచ్చి, దాన్ని పట్టుకుని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళాడు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ అనే దొర కోప్పడకుండా, బీరువాలు తెరిచి, నింపి ఉంచిన వందల పక్షులను చూపించాడు. ఆ పిల్లవాడి జీవితం ఆ గదిలో మలుపు తిరిగింది. మన దేశపు పక్షుల మీద ఆయన రాసిన పుస్తకం 1941లో మొదటిసారి అచ్చయింది, ఇవాళ్టికీ పక్షులు చూసేవాళ్ళ చేతుల్లో ఉంది. మా వాడు కథంతా విని, "ఆయనను కూడా ఎవరూ కొట్టలేదా మేడం?" అని అడిగాడు.

మా ఊరి చుట్టుపక్కల చూడదగ్గ చోట్లు తక్కువేం కాదు. హగరిబొమ్మనహళ్ళి దగ్గర అంకసముద్రం చెరువు ఉంది. ఆ తాలూకా 2021 నుంచి విజయనగర జిల్లాలో ఉంది, అంతకు ముందు మనదే. పొలాల కోసం తవ్వుకున్న ఊరి చెరువు. నీళ్ళలో నిలిచిన తుమ్మచెట్ల మీద కొంగలూ నీటికాకులూ వేలుగా గూళ్ళు కడతాయి. 2024 జనవరిలో దానికి రాంసార్ గుర్తింపు వచ్చింది. ఇరాన్‌లో రాంసార్ అనే ఊళ్ళో 1971లో నీటి తావుల రక్షణకు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి, ఆ పట్టికలో మన పక్క చెరువు చేరిందన్నమాట. అటు హిందూపురం వైపు వీరాపురంలో ఊరి మధ్య చెట్ల మీదే కొంగలు గూళ్ళు కడతాయి. అక్కడి జనం వాటిని పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు.

దగ్గరలోనే ఉండి మా పిల్లలు చూడలేకపోయిన పిట్ట కూడా ఉంది. బట్టమేకపిట్ట. కన్నడంలో ఎర్లడ్డు అంటారు. మీటరు ఎత్తు, మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. గడ్డినేలల మీద తిరుగుతుంది, ఏడాదికి సాధారణంగా ఒక్కటే గుడ్డు, అదీ నేల మీద. సిరుగుప్ప తాలూకా నల్లరేగడి పొలాల్లో కొన్ని పక్షులను చూసినవాళ్ళు ఉన్నారు. కర్నూలు వైపు రోళ్ళపాడు అభయారణ్యం 1988లో దీని కోసమే ఏర్పడింది. దేశం మొత్తం మీద మిగిలినవి నూట యాభై లోపేనని అంచనా, వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లో. కాలువ నీళ్ళు వచ్చి గడ్డినేలలు వరిమళ్ళు, పత్తిచేలు అయ్యాయి. రైతుకు నీళ్ళు వద్దని ఎవరం అనగలం? నా విద్యార్థుల్లో సగం మంది ఆ కాలువ కింద పండిన అన్నమే తింటున్నారు. కాని ఆ పిట్ట ఉన్న నేల ఏదో తెలియకుండానే దున్నేశాం. పొలాల మీదుగా పోయే కరెంటు తీగలు ఇప్పుడు ఇంకో గండం. బరువైన పిట్ట, ఎదుట ఉన్న తీగను చూసి పక్కకు తప్పుకోలేదు.

ఈ ఆట ఇంకో చోట ఆడాలనుకునే ఉపాధ్యాయులకు రెండు మాటలు. పొద్దు పొడిచిన గంటలోపు చూడమనండి. మన ఎండకు పదకొండు దాటితే పిట్ట కూడా నీడ వదలదు. మొదటి నెల కాకి, పిచ్చుక, గోరింక, పావురం చాలు. ఫిబ్రవరిలో ప్రపంచమంతా నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్క జరుగుతుంది, మన దేశం 2013 నుంచి అందులో పాల్గొంటోంది. పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని కనబడినవి రాస్తే చాలు, బడిపిల్లలు కూడా చేయవచ్చు. తీతువు, గుడ్లగూబ పేర్లు పిలిచినప్పుడు కొన్ని ఇళ్ళ నుంచి అభ్యంతరం వస్తుంది. వాటి కూత అశుభమని భయం. మా దగ్గర ఒక తల్లి వచ్చి, మా బిడ్డకు వేరే పిట్టను ఇవ్వండమ్మా అని అడిగింది. ఇచ్చాను. ఆ తీతువును ఇంకో అమ్మాయి తానే అడిగి తీసుకుంది. తీతువు నేల మీద గుడ్లు పెడుతుంది గనుక ఎవరు దగ్గరికి వచ్చినా అంత గొంతు చించుకుంటుందని నెల తిరిగేసరికి ఆ అమ్మాయే అందరికీ చెప్పింది.

చివరగా రాబందు జోడీ. కన్నడంలో రణహద్దు. పట్టీలో ఆ పేరు రాసినప్పుడు నాకు తెలుసు, అది కనబడదని. 1990ల నుంచి మన దేశంలో రాబందులు కుప్పకూలినట్టు తగ్గిపోయాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫినాక్ మందు, ఆ పశువు చచ్చాక దాని మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేస్తుందని 2004 నాటికి తేలింది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. అప్పటికే కొన్ని జాతుల్లో నూటికి తొంభైకి పైగా పోయాయి. ఇవన్నీ ముందే చెప్పకుండా ఆ పేరును ఇద్దరు పిల్లలకు అప్పగించాను. వాళ్ళు నెలంతా పొద్దున్నే లేచి ఆకాశం చూశారు. రోజూ "లే". రెండో నెల పిట్టలు మారుద్దామంటే, వద్దు మేడం, ఇదే ఉంచండి అన్నారు. పట్టుదల వచ్చింది.

డిసెంబరులో ఒక పొద్దున తెలుగు పిల్లవాడు లేచి, "చూడలేదు మేడం, కాని మా తాత చూసినాడంట" అన్నాడు. వాళ్ళ తాతది ఆలూరు వైపు పల్లె. చిన్నప్పుడు ఎద్దు చచ్చి ఊరి బయట పడేస్తే, ఆకాశంలో చుక్క కూడా లేని చోటు నుంచి పదులుగా దిగేవట. కొండరాళ్ళ మీద వరసగా కూర్చునేవట. పొద్దు గూకేసరికి ఎముకలు మిగిలేవట. "మా తాత చెప్పేటప్పుడు చేతులు ఇట్ల చాపినాడు" అని పిల్లవాడు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. తరగతిలో ఎవరూ ప్రశ్న అడగలేదు. నా చేతిలో పెన్సిలు ఉంది. ఆ గడిలో ఏం రాయాలో తెలియలేదు. "చూ" కాదు, "వి" కాదు, "లే" అని రాయడానికి మనసు రాలేదు. కాసేపు చూసి "తా" అని రాశాను.

మర్నాడు కన్నడ పిల్ల తన అవ్వను అడిగి వచ్చింది. ఆ గడిలో రెండో "తా" పడింది. ఇప్పుడు ప్రతి జూన్‌లో కొత్త పట్టీ తెరిచినప్పుడు మొదటి పేజీలో నాలుగు గుర్తులు రాసుకుంటాం: చూ, వి, లే, తా.